కార్డు మీద ఐదో పేరు

"మీ ఇంట్లోనే ఉంటోందట కదా, ఆ పిల్లని ఒకసారి ఇలా పిలవండి. నేనూ చూస్తాను" అంది వివిక్.

ముందు గదిలో ఎవరూ కదల్లేదు.

పక్కింటి వివిక్ చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వచ్చేసింది. ఎన్నేళ్ళుగానో ఈ ఇంటికి వచ్చిపోతున్న మనిషి, ఏనాడూ చెప్పులతో గడప దాటలేదు. ఆమె చేతిలోని ఫోనులో ఒక ఫొటో ఉంది. వీధి మలుపులో ఉన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల గోడకి ఆ ఉదయమే అంటించిన జాబితా అది. ఈ ఏడు చేరబోయే పిల్లల పేర్లు, వయసులు, చిరునామాలు, ఇంటి నుంచి బడికి ఎంత దూరమో ఆ అంకెలు. కుటుంబ కార్డులోని చిరునామా ప్రకారం ఎవరి ఇల్లు దగ్గరైతే వాళ్ళకే సీటు.

సీటు దక్కినవాళ్ళలో చిట్టచివరి పేరు కినాంతి. ఇంటి యజమాని మర్గోనో అని పక్కనే ఉంది. ఆ కింద గీత. గీత కింద మొట్టమొదటి పేరు దామర్, వివిక్ కొడుకు.

"ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది వివిక్ అక్కా" అంది యూలీ. "ఈ ఇంట్లో ఉండేది మేం నలుగురమే. నీకు తెలియనిదేముంది?"

"వీధి పేరూ పొరపాటే, ఇంటి నంబరూ పొరపాటే, మీ మావగారి పేరు కూడా పొరపాటేనా? పొరపాట్లన్నీ కూడబలుక్కుని వచ్చాయా?"

యూలీ అత్తగారి వైపు చూసింది. తుమినీ చాప మీద కూర్చుని పెసర మొలకల తోకలు తుంచుతోంది. తల ఎత్తలేదు. వసారాలో మావగారు మర్గోనో గువ్వ పంజరంలో నీళ్ళ గిన్నె మారుస్తున్నాడు. ఆయనా ఇటు తిరగలేదు.

"పెద్దమ్మా, మీరైనా మాట్లాడండి" అంది వివిక్. "దామర్ మీ చేతి ముద్ద తిని పెరిగాడు. పొద్దుటి నుంచి గదిలోంచి బయటికి రాలేదు వాడు."

"ఏం మాట్లాడమంటావే?" అంది తుమినీ చివరికి, మొలకల గిన్నెతోనే మాట్లాడుతున్నట్టు.

"ఏమీ మాట్లాడరు. ఈ ఇంట్లో అదే కదా అలవాటు! ఆ రోజు మా తమ్ముడి పెళ్ళిపందిరి విప్పుతుంటే కూడా మీరు ఏమీ మాట్లాడలేదు. సరే, మింగేశాం. ఇవాళ నా కొడుకు బడి కూడా మీకే కావాల్సి వచ్చిందా?"

పంజరం తలుపు టక్కున మూసిన చప్పుడయింది. వివిక్ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఆ పెళ్ళి సంగతి యూలీ ఈ ఇంటికి కోడలిగా రాకముందుది. ఈ ఇంటి ఆడపిల్ల వెనింగ్, వివిక్ తమ్ముడు హెరూతో పెళ్ళనగా ముందురోజు ఇంకొకరితో వెళ్ళిపోయింది. అప్పటి నుంచి ఆ పేరు ఈ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. యూలీకి కూడా ఊళ్ళోవాళ్ళు చెబితేనే తెలిసింది.

కానీ యూలీ మనసు అటు పోలేదు. మరోవైపు పోయింది.

"కుటుంబ కార్డు ఒకసారి ఇవ్వండి అత్తయ్యా."

"బీరువాలో ఉంది."

"బీరువా తాళం?"

"ఎక్కడ పెట్టానో గుర్తులేదు."

తాళంచెవి ఆమె కొంగుముడిలోనే ఉందని ఇద్దరికీ తెలుసు.

* * *

యూలీ భర్త ప్రిహాంతో ఆ సాయంత్రం పని నుంచి వచ్చి చొక్కా విప్పకముందే యూలీ గది తలుపు వేసింది.

"కినాంతి ఎవరు?"

"ఏ కినాంతి?"

"పదిహేనేళ్ళ పిల్ల. మన కార్డులో ఉన్న పిల్ల. మన పెళ్ళయి పన్నెండేళ్ళు. పెళ్ళికి ముందు మీరు ఒక్కరే సురబాయా పట్నంలో ఉండేవారు."

ప్రిహాంతోకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక నవ్వొచ్చింది. అదే అతను చేసిన తప్పు.

"ఏసీలు బాగుచేశాను యూలీ అక్కడ. కాపురాలు పెట్టలేదు."

"నవ్వకండి!"

"మరి ఏడవనా? నాకేమీ తెలీదు."

"ప్రతి పండక్కీ మీ అమ్మ నా కడుపు వంక చూసేది. ఈసారి చూడలేదు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. ఆవిడకి కావాల్సింది దొరికింది."

"తెలీదంటే తెలీదు. ఎన్నిసార్లు చెప్పమంటావు?"

"నీకు తెలీకుండానే నీ ఇంటి కార్డులోకి ఒక మనిషి నడిచొచ్చిందా?"

ఇన్నేళ్ళలో ఆమె అతన్ని నువ్వు అనలేదు. ఆ మాట ఇద్దరి మధ్యా అలాగే నిలబడిపోయింది. ప్రిహాంతో తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఆ రాత్రి అతను ముందు గదిలో పడుకున్నాడు. ఎందుకని తల్లీ అడగలేదు, తండ్రీ అడగలేదు.

* * *

మర్నాడు వార్డు ఆఫీసు తెరిచేసరికి యూలీ కిటికీ ముందు నిలబడి ఉంది.

"కార్డు పోయిందా అమ్మా?" అన్నాడు గుమాస్తా.

"పోలేదు. నాకు నకలు కావాలి. అందులో నేనూ ఉన్నాను."

"ఉంటే ఇవ్వకపోవడమేమిటి, ఇస్తాం" అంటూ ఆమె గుర్తింపు కార్డు తీసుకున్నాడు. వీధిలో ఎవరింట్లో ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, ఎవరు పెళ్ళి చేసుకుని ఏ పేటకి మారారో అంతా ఆ పాత కంప్యూటరులోనే ఉంటుంది. తన కాపురం కూడా అందులోనే ఉందనుకుంటూ యూలీ కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

కాగితం వచ్చింది. ఇంటి యజమాని మర్గోనో. భార్య తుమినీ. కొడుకు ప్రిహాంతో. కోడలు యూలియాసిహ్. నలుగురు.

ఐదో పేరు కినాంతి. యజమానికి ఏమవుతుంది అన్న చోట, మనవరాలు.

యూలీ కిటికీ చెక్క పట్టుకుంది. మనవరాలు! ప్రభుత్వం ముద్రవేసి మరీ చెబుతోంది. కాగితం మడిచేయబోయి, ఎందుకో ఆ వరస చివరిదాకా చదివింది. అందరి పేర్ల పక్కనా తల్లి పేరు, తండ్రి పేరు ఉన్నాయి. కినాంతి తల్లి పేరు వెనింగ్.

యూలీ పైకే నవ్వేసింది. వెంటనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"తప్పుందా అమ్మా?" అన్నాడు గుమాస్తా కంగారుగా.

"లేదు. ఈ పేరు చేర్చమని దరఖాస్తు ఎవరు ఇచ్చారు?"

అతను మీటలు నొక్కి తెర ఆమె వైపు తిప్పాడు. "నిరుడు ఇచ్చారు. ఇదిగో, ఇంటి యజమాని సంతకం."

పక్కకి వాలిన పొడుగాటి అక్షరాలు. మావగారిదే, సందేహం లేదు. కన్న కూతురి పేరే ఎత్తని మనిషి సంతకం.

* * *

"రాత్రంతా నా మొగుణ్ణి అనుమానించాను" అంది యూలీ వంటింట్లో నకలు అత్తగారి ముందు పెట్టి. "మీరు చూస్తూ కూర్చున్నారు. ఒక్క మాట చెబితే సరిపోయేది."

తుమినీ కాగితం ముట్టుకోలేదు. కొబ్బరి తురుముతూనే ఉంది.

"మీ మావయ్యకి తెలీదే. పెన్షను కాగితాల మధ్య పెట్టి సంతకం చేయించాను. తెలిస్తే నన్ను బతకనివ్వరు."

"అసలు ఆవిణ్ణి ఎక్కడ కలిశారు?"

"కంటి ఆసుపత్రిలో. నా ముందు వరసలో నిలబడి ఉంది, వెనక నుంచే పోల్చుకున్నాను." తుమినీ చెయ్యి ఆగింది. "పిల్ల దాని పక్కనే ఉంది. నేను ఏడుస్తుంటే, 'ఎవరమ్మా ఈ బామ్మ, ఎందుకేడుస్తోంది?' అని తల్లిని అడిగింది. 'ఏమో, తెలీదు' అంది నా కూతురు. నన్ను చూసే అంది."

యూలీ పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఆ తర్వాత ఇల్లు కనుక్కుని వెళ్ళి, బతిమాలి పిల్ల కాగితాలు తీసుకున్నాను. వాళ్ళుండేది సముద్రం ఒడ్డు పేటలో. పోటు వస్తే ఇంట్లోకి నీళ్ళు. పుస్తకాలు అటక మీద పెట్టుకుని చదువుతుందట పిల్ల. బాగా చదువుతుందే! మన బడిలో పడితే బాగుపడుతుంది కదా అనిపించింది. సరే, బడి ఒక సాకనుకో. ఈ ఇంటి కార్డులో దాని తల్లి పేరు కొట్టేశారు. పిల్ల పేరైనా ఉండనీ అనుకున్నాను."

"మరి దామర్?"

తుమినీ మళ్ళీ తురమడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, దామర్ సంగతేమిటి? వాడు పుట్టింది ఈ వీధిలో. పెరిగింది మన వసారాలో. వాడి సీటు కదా అది!"

"వాడే గీత కింద పడతాడని నాకేం తెలుసే?"

"ఎవడో ఒకడు పడతాడని తెలుసు కదా!"

"నీకు పిల్లలుంటే తెలిసేది" అనేసింది తుమినీ. అన్న మరుక్షణమే నోరు నొక్కుకుంది.

యూలీ నకలు మడిచి జాకెట్టులో దోపుకుని, వంటింట్లోంచి వచ్చేసింది.

* * *

సాయంత్రం వీధి పెద్ద వచ్చాడు, ఆయన పేరు సుగియార్తో. వసారా మెట్టు మీదే నిలబడి టోపీ చేతుల్లో తిప్పుతున్నాడు.

"వివిక్ ఫిర్యాదు రాసిచ్చింది మర్గోనో గారూ. బడి నుంచి రేపు పొద్దున్న మనుషులొస్తారు. అమ్మాయి నిజంగా ఏడాదిగా ఇక్కడే ఉంటోందా లేదా, అదే అడుగుతారు. నన్ను రాసిమ్మన్నారు. నేను... నేనెప్పుడూ చూడలేదు కదండీ."

లోపల తుమినీ గోడకి జారగిలబడింది. ప్రిహాంతో తల్లి వైపు, భార్య వైపు చూశాడు. మధ్యాహ్నమే యూలీ అతని ముందు నకలు పెట్టింది. అతను చదివి, "అక్క కూతురా!" అని, కాగితం మడిచి తిరిగిచ్చేశాడు. ఆమె క్షమించమని అడగలేదు, అతను పరవాలేదని చెప్పలేదు.

"రానివ్వండి" అన్నాడు మర్గోనో. అంతే. తన టోపీ పెట్టుకుని మసీదుకి వెళ్ళిపోయాడు.

భోజనాల దగ్గర తుమినీ ఇక ఆపుకోలేకపోయింది.

"నేనే చేశాను. మీకు చెప్పకుండా సంతకం పెట్టించుకున్నాను. తిట్టాలంటే నన్ను తిట్టండి, కోడల్నీ కొడుకునీ ఏమీ అనకండి."

మర్గోనో చేప ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు.

"రైల్వేలో ఉన్నన్నాళ్ళూ నేను చదవకుండా ఒక్క కాగితం మీద సంతకం పెట్టలేదు. నీకది తెలుసు."

తుమినీ చేతిలోని గరిటె గిన్నెలో పెట్టేసింది.

"చదివారా?" అంది తుమినీ.

"మనవరాలు అని రాసి ఉంది. అందులో అబద్ధమేముంది, పెట్టాను."

"మరి ఏడాదిగా నాతో ఒక్క మాటైనా..."

"నువ్వు అన్నావా?"

తుమినీ లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు కుళాయి నీళ్ళ చప్పుడు వినిపించింది. గిన్నెలేవీ తోమడం లేదని యూలీకి తెలుసు.

"మావయ్య గారూ," అంది యూలీ. "మనవరాలన్నది నిజమే. ఇక్కడ ఉంటోందన్నది నిజం కాదు కదా? రేపు ఏం చెబుతారు?"

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

* * *

తెల్లవారగానే తల్లి మాట కాదనలేక ప్రిహాంతో బండి మీద వెళ్ళి కినాంతిని తీసుకొచ్చాడు. వెనకాలే ఇంకో బండి వచ్చింది కానీ, అది వీధిలోకి రాలేదు.

సన్నగా, పొడుగ్గా ఉంది పిల్ల. బట్టల సంచి గుండెకి హత్తుకుని గడప అవతలే నిలబడింది. తుమినీ ఆమెని చెయ్యిపట్టి వెనక గదిలోకి తీసుకెళ్ళింది.

"ఎవరడిగినా ఇక్కడే పడుకుంటానని చెప్పు. ఇదిగో, ఇదే నీ మంచం."

"ఎవరిది ఈ మంచం?"

"మీ అమ్మది."

కినాంతి మంచం వంక చూసి, అంచున జాగ్రత్తగా కూర్చుంది. "అబద్ధం చెబితే నాకు చెమటలు పడతాయి అమ్మమ్మా. వాళ్ళకి తెలిసిపోతుంది" అంది.

గుమ్మంలో నిలబడి వింటున్న యూలీకి ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు.

తెల్లవారుజాము ప్రార్థన ముగించుకుని, మసీదు దగ్గర చాలాసేపు కూర్చుని, అప్పుడే వచ్చాడు మర్గోనో. గడప దగ్గర కొత్త మనిషి చెప్పులు చూశాడు. వాటిని తొక్కకుండా దాటి, ఎవరి వైపూ చూడకుండా అడిగాడు.

"టీ తాగిందా?"

"లేదు" అంది యూలీ.

"ఇవ్వు మరి."

బడి నుంచి ఇద్దరు వచ్చారు. నడివయసు టీచరమ్మ, ఆమె వెనక ఫైలు పట్టుకున్న యువకుడు. వాళ్ళ వెనకే వివిక్ వచ్చి గేటు దగ్గర నిలబడింది. చుట్టుపక్కల వాకిళ్ళన్నీ తెరుచుకున్నాయి. సుగియార్తో ఎవరి కంటా పడకుండా ఉండాలని చూస్తున్నాడు.

టీచరమ్మ నెమ్మదిగానే అడిగింది. "అయ్యా, కినాంతి అనే అమ్మాయి మీ కార్డులో ఉంది. ఆమె మీకేమవుతుంది?"

మర్గోనో వసారాలో నిటారుగా నిలబడ్డాడు.

"మనవరాలు. నా కూతురు వెనింగ్ కూతురు."

వీధి వీధంతా విన్నది. తుమినీ తలుపు రెక్క పట్టుకుంది. పదహారేళ్ళుగా ఆ పేరు ఆ నోట ఆమె వినలేదు.

"ఏడాదిగా ఇక్కడే ఉంటోందా?"

ఆయన గేటు వైపు చూశాడు. అక్కడ వివిక్ మొహం పాలిపోయి ఉంది. ఆమె భుజం వెనక దామర్ నిలబడి, నేల చూస్తున్నాడు.

"లేదు" అన్నాడు మర్గోనో.

"ఏమండీ!" అంది తుమినీ.

"లేదమ్మా. ఒక్కరోజు కూడా లేదు. కార్డు మీద సంతకం నాది. తప్పు కూడా నాదే. ఆ సీటు ఆ అబ్బాయిది."

యువకుడు రాసుకున్నాడు. టీచరమ్మ ఇంకేదో అడగబోయి మానేసి, ఆయనకి నమస్కారం పెట్టి మెట్లు దిగింది. దామర్ తల్లి చెయ్యి లాగాడు. "పోదాం అమ్మా" అన్నాడు. వివిక్ కదల్లేదు.

కినాంతి సంచి భుజాన వేసుకుని బయటికి వచ్చింది. ఆమె మొహంలో ఏడుపు లేదు. ఏదో బరువు దిగినట్టుంది.

"నేను వెళ్తాను తాతయ్యా."

"ఎక్కడికి?" అన్నాడు మర్గోనో. "లేదన్నది నిన్నటిదాకా. సీటు లేకపోతే మనిషి ఉండకూడదా? ఈ ఊళ్ళో బడి ఇదొక్కటేనా?"

యూలీ ముందుకొచ్చి ఆ పిల్ల భుజం మీది సంచి అందుకోబోయింది. కినాంతి వదల్లేదు. అలాగని వెనక్కీ లాక్కోలేదు.

"అమ్మ లేకుండా నేనెక్కడా ఉండను" అంది. "తను వీధి చివర బండి దగ్గర నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రానంది. ఎవరూ పిలవలేదు కదా అంది."

ప్రిహాంతో ఒక్క అడుగు వేశాడు. తండ్రి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు కాదు."

మర్గోనో చెప్పులు వేసుకున్నాడు. ఒకటి వేసుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది. యూలీ చెయ్యి అందించబోతే వద్దన్నాడు. మెట్లు దిగి గేటు దాకా నడిచాడు.

వివిక్ గేటు మధ్యలో నిలబడి ఉంది. వీధి చివరికి వెళ్ళాలంటే ఆమెని దాటాలి, ఆమె ఇంటి ముందు నుంచే నడవాలి.

"తప్పుకో అమ్మా" అన్నాడాయన.

"నా కొడుకు సంగతి తేల్చారు పెదనాన్నా. మీ మాట మీద గౌరవం ఉంది నాకు" అంది వివిక్. "కానీ మా తమ్ముడు హెరూ ఇవాళ మా ఇంట్లోనే ఉన్నాడు. ఆ కిటికీ వెనకే ఉన్నాడు. వాడింకా పెళ్ళి చేసుకోలేదు. మీరు మీ కూతుర్ని చెయ్యిపట్టుకుని వాడి కళ్ళ ముందు నుంచే తీసుకొస్తారా?"

మర్గోనో పక్కింటి కిటికీ వైపు తిరిగాడు. తెర కదిలింది. తర్వాత ఆ ఇంటి తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించింది.